ఒక్కరోజు కరెంటు

ఇప్పుడు నేను కూర్చొని రాస్తున్నాను. మీకు ఇది వింత కాకపోవచ్చు. జనవరిలో మాత్రం నన్ను కూర్చోబెట్టడమంటే మా ఇంట్లో ఒక కార్యం. ఒకరు భుజం పట్టాలి, ఒకరు దిండు సర్దాలి, ఇంకొకరు పక్కన నిలబడి "మెల్లగ, మెల్లగ" అనాలి. నా పెళ్లినాడు కూడా ఇంతమంది నన్ను పట్టించుకోలేదు.

నా పేరు గంగారాం. మాది బోధన్, కోటగిరి మధ్యలో కాలువ పక్కన ఒక ఊరు. ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ పడక బడి వదిలేసి ట్రాక్టర్ ఎక్కాను. అప్పటినుంచి చెరకు తోలుతున్నాను. దగ్గరి ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకును దూరం మోయాల్సి వచ్చింది. అందుకే దసరా ముందు కుడి తుంటిలో నొప్పి మొదలైతే సీటును తిట్టాను. తర్వాత రోడ్డును తిట్టాను. రోడ్డు వేసినవాణ్ని కూడా తిట్టాను. అసలు తిట్టాల్సింది లోపల ఉందని తెలియదు.

తెలియదనడం కూడా పూర్తిగా నిజం కాదు. రెండేళ్ల కింద నాకు ఒక కిడ్నీ తీసేశారు, గడ్డ ఉందని. "ఒకటి పోతే ఏమాయె, ఇంకోటి స్టెప్నీ ఉంది" అని అందరినీ నవ్వించాను. గడ్డ పోయిందనుకున్నాం. ఎవరికీ కనబడకుండా అది తుంటి ఎముకలోకి మారిందని కార్తీకమాసంలో స్కానింగ్ ఫోటోలు తీసి చెప్పారు.

డిసెంబర్ వచ్చేసరికి నొప్పికి ఒక పద్ధతంటూ లేకుండా పోయింది. తుమ్మితే నొప్పి, నవ్వితే నొప్పి. నవ్వితే నొప్పి అన్నది నా మీద ఎవరో కావాలని తీర్చుకున్న పగలాగ అనిపించింది. ఎడమవైపు తిరిగి, మోకాలు కడుపులోకి ముడుచుకొని పడుకుంటే కొంచెం నయం. వెల్లకిలా పడుకోవడమంటే ఏమిటో మరిచిపోయాను. నా భార్య సుజాత గోలీలు వేళకు ఇచ్చేది. మా అవ్వ, అంటే మా అమ్మ, పట్టు వేసేది.

అవ్వ పుట్టిల్లు వేల్పూర్. పసుపు పండించే ఇంట్లో పుట్టింది. పసుపుతో మానని జబ్బు లోకంలో ఉంటుందంటే ఒప్పుకోదు. రోజూ వేణ్నీళ్లలో గుడ్డ ముంచి నా తుంటి తుడిచి, ఆముదం రాసి, పసుపూ సున్నమూ కలిపి వెచ్చగా పట్టు వేసేది. దాని వల్ల నొప్పి తగ్గిందా అంటే చెప్పలేను. అవ్వ చెయ్యి మాత్రం వెచ్చగా ఉండేది. "నన్ను గిట్ల పచ్చగ జేసి పసుపు యార్డుల అమ్ముతవా ఏందే?" అని అడిగితే, "నిన్నెవడు కొంటడు బిడ్డా, అంత పుచ్చు సరుకు" అనేది. ఆమె నోరే నాకొచ్చింది.

జనవరిలో నిజామాబాద్ దవాఖానలో కరెంటు పెట్టిద్దామన్నారు. రేడియేషన్‌కు మా దిక్కున అందరూ ఇదే మాట అంటారు. చిన్నప్పటి దోస్తు ఖాజా తన ఆటోలో వెనక సీటు తీసేసి పరుపు వేశాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బండి దాదాపు ఆపి, వెనక్కి తిరిగి, "గంగా భాయ్, పహాడ్ వస్తున్నది, పండ్లు కొరుక్కో" అనేవాడు. పహాడంటే కొండ. ఎడపల్లి దాటేసరికి నా పళ్లు అరిగిపోయాయి. వెనక హారన్లు కొట్టేవాళ్లను వాడు ఉర్దూలో తిట్టిన తిట్లు నాకు సగమే అర్థమయ్యాయి. మిగతా సగం కూడా నా మేలు కోసమే అయి ఉంటాయి.

కరెంటు పెట్టే గది ముందు బెంచీలుంటాయి. అక్కడ కూర్చున్నవాళ్లు ఒకరి పేరొకరు అడగరు. "నీకెన్ని?" అంటారు. ఎన్ని కరెంట్లు అని. ఒకాయన నెల పైన అంటాడు, ఒకావిడ పది అంటుంది. ఎక్కువ చెప్పినవాళ్లు కొంచెం నిటారుగా కూర్చుంటారు, ఇంకా తమ మీద ఆశ ఉన్నట్టు. నాకెన్నో అప్పటికి తెలియదు. "నాకు మీటర్ పెట్టలేదింక" అన్నాను. ఒక ముసలాయన నవ్వబోయి దగ్గాడు.

డాక్టర్ మేడం ఫోటోలు చూసి, "ఒక్కసారి చాలు" అంది.

మాతో వచ్చిన రాజన్న, అంటే మా అన్న, నిలబడిపోయాడు. "ఒక్కటేనా మేడం? మా మేనమామకు హైదరాబాద్‌ల నెలంత పెట్టిన్రు గదా?"

"ఎప్పటి మాట?"

"శానేండ్లైంది."

"అప్పట్లో ఎక్కువ అట్లనే ఇచ్చేవాళ్లు. ఇట్లాంటి ఎముక నొప్పికి ఒకేసారి గట్టిగా ఇచ్చినా చాలామందికి అంతే తగ్గుతుందని తర్వాత తెలిసింది. అందుకే ఇప్పుడు వీలైనచోట తక్కువసార్లే ఇస్తున్నాం. మళ్లీ నొప్పి వస్తే మళ్లీ ఇవ్వొచ్చు. కూర్చోలేని మనిషిని నెలంతా ఆటోలో తిప్పి మనం సాధించేదేముంది?"

"గట్ల గాదు మేడం. తక్కువ పెడ్తె తక్కువ నయమైతది గదా?"

మేడం మా అన్న వైపు కాకుండా నా వైపు చూసింది. "గంగారాం గారూ, ఇది నొప్పికి ఇచ్చే కరెంటు. జబ్బు పూర్తిగా పోవడానికి కాదు. ఆ మాట మీకు ముందే చెప్పాలి. నొప్పి తగ్గితే కూర్చుంటారు, నాలుగడుగులు వేస్తారు, ఇంట్లో వాళ్లతో కలిసి తింటారు. అందుకే ఇస్తున్నాను."

సుజాత నా చొక్కా అంచు పట్టుకొని ఉంది, చిన్నపిల్ల జాతరలో పట్టుకున్నట్టు.

బయటికొచ్చాక అన్న గోడకు మొహం తిప్పి, "వీళ్లు నిన్నిడిసి పెట్టిన్రు తమ్మీ. ఒక్కటే అంటే గదే అర్థం. నడువు, హైదరాబాద్ పోదాం" అన్నాడు. మా మేనమామ నెలంతా హైదరాబాద్‌లో దవాఖాన పక్కన సత్రంలో ఉండి, రోజూ లైన్లో నిలబడి, ఇంటి ముఖం చూడకుండా అక్కడే పోయాడు. ఆ మాట అన్నకు గుర్తు చేశాను. "అయినా నెల పెట్టిన్రు గదా" అన్నాడు. మా అన్నకు లెక్క ముఖ్యం. ఆయనకూ లెక్కల సారుకూ బాగా పడేది.

అదే రోజు లోపల బల్ల మీద పడుకోబెట్టి, మిషన్ ఎక్కడ గురి పెట్టాలో నా తుంటి మీద రంగు పెన్నుతో గీతలు గీశారు. గీతలు గీసిన పిలగాడు, "ఇవి చెరగనియ్యద్దు. సబ్బు వద్దు, నూనె వద్దు. ఎల్లుండి రావాలె" అన్నాడు. సుజాత విన్నది. నేను విన్నాను. ఖాజా కూడా విన్నాడు.

వినాల్సిన మనిషి ఇంట్లో ఉంది.

ఇంటికి రాగానే అవ్వ గడపలోనే అడిగింది, "ఎన్ని పెడ్తరట?"

"ఒక్కటే."

అవ్వ మొహం వెలిగింది. అన్నకు చీకటైన మాటే అవ్వకు దీపమైంది. "మా తమ్మునికి నెల పెట్టిన్రు. నీకు ఒక్కటే అంటే నీది శిన్న రోగమే బిడ్డా!" అని రెండు చేతులూ ఎత్తి పైకి మొక్కింది. వాకిట్లోకి పోయి పక్కింటివాళ్లకు కూడా చెప్పింది. కాదని ఎవరు చెప్తారు? సుజాత వంటింట్లోకి పోయింది. అన్న చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. నేను మాత్రం, "అవునే, హోల్‌సేల్ కాదు, చిల్లర రోగం" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నేను సంబరపడ్డాను కూడా. అంతవరకు అవ్వకు చెప్పింది ఒకటే: ఎముకలో వాపుంది, కరెంటు పెడితే కరిగిపోతుంది అని.

మర్నాడు సుజాత నాట్లకు పోయింది. గోలీ వేసుకొని నేను మధ్యాహ్నం మొద్దు నిద్రపోయాను. అవ్వ రోజూ చేసే పనే చేసింది. పైగా రేపు పెద్ద పని ఉంది కాబట్టి ఇంకా శ్రద్ధగా చేసింది. తుంటి మీద ఎవరో పెన్నుతో గీకినట్టుంది, ఈ పట్నం పిలగాండ్లకు శుభ్రం తెలియదనుకుంది. వేణ్నీళ్లు, సబ్బు, ఆముదం. పుట్టింటి నుంచి తెచ్చి దాచిన కొత్త పసుపు తీసి మందంగా పట్టు వేసింది.

సాయంత్రం సుజాత వచ్చి దుప్పటి తీసి చూసి అట్లాగే కింద కూర్చుండిపోయింది.

"అత్తా, గీతలేవి?"

"గా మురికా? నేనే కడిగిన బిడ్డా."

పొద్దున్నే దవాఖానకు పోయాం, ఏమో, కొంచెమైనా కనబడతాయేమో అని. గీతలు గీసిన పిలగాడు చూసి, "ఏందన్నా, తుంటికి పెండ్లి చేసిన్రా?" అన్నాడు. అంత నొప్పిలోనూ నాకు మంచి మాట అనిపించింది. నాకు తట్టనందుకు కుళ్లు కూడా కలిగింది. కాని మళ్లీ మొదటి నుంచి గీతలు గీయాలి, ఆ రోజు లైన్ నిండా జనం, మర్నాటి నుంచి మిషన్ సర్వీసింగు. సోమవారం రమ్మన్నారు. తిరుగుదారిలో ఖాజా ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

ఇంటి దగ్గర రాజన్న కాచుకొని ఉన్నాడు. విషయం విని అవ్వ మీద విరుచుకుపడ్డాడు. "నీ పసుపు పాడుగాను! ఉన్నదే ఒక్క కరెంటు, గది గూడ తుడిశి పెట్టినవ్. వాని పానం మీదికి తెచ్చినవ్!"

అవ్వ ఎదురు తిరిగి తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆమె పసుపు డబ్బా తీసుకొని పోయి దూలం మీద, చెయ్యి అందనంత పైన పెట్టింది. తర్వాత నా గదిలోకి రావడం మానేసింది. అన్నం మానేసింది. సుజాత పళ్లెం పెడితే, "ఆకలి గాలేదు" అంటుంది. వాకిట్లో గోడకు ఆనుకొని తన చేతులు తానే చూసుకుంటూ కూర్చుంటుంది. నాకు కిటికీలోంచి కనబడేది. నొప్పిగా ఉన్నప్పుడు మూలగకుండా దుప్పటి కొరుక్కునేవాణ్ని, ఆమెకు వినబడితే ఇంకేం చేసుకుంటుందో అని.

రెండోనాటికి సుజాతే అంది, "చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"చెప్తే సచ్చిపోతదే."

"చెప్పకపోయినా గదే అయితున్నది. చూస్తలేవా?"

ఆ మధ్యాహ్నం అవ్వను పిలిచాను. గడప దగ్గరే ఆగింది.

"లోపటికి రా."

"రాను బిడ్డా. నా చెయ్యి మంచిది గాదు."

"చెయ్యి గాదు, కాళ్లతోనే రా."

నవ్వలేదు. "సోమారం దాంక గది లోపట పెరిగితె? నయమయ్యేది నా వల్ల గాకుంట పోతె? నేనే కని, నేనే తీసినట్టు గాదా?"

నా దగ్గర మూడు నాలుగు మాటలున్నాయి ఆమెను నవ్వించడానికి. ఒక్కటీ పనికొచ్చేది కాదు. మొదటిసారి నాకు నా నోరంటే అసహ్యం వేసింది.

"అవ్వా, నువ్వు తుడిశింది ఏం లేదే. గా కరెంటు పెట్టినా నాకు నయం గాదు."

"గట్లనకు."

"మేడమే చెప్పింది. మొదటి రోజే. గది రోగం పోనీకి గాదు, నొప్పి తగ్గనీకి. వారం లేటైతె వారం నొప్పి, గంతే. నా పానం నువ్వేం తియ్యలే."

ఆమె వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది. అట్లా లెక్కలు చూసే మనిషి కాదు మా అవ్వ.

"మల్ల ఒక్కటే అన్నవ్ గదా?"

"ఒక్కటి చాలు కాబట్టి ఒక్కటి. రోగం శిన్నదని గాదు."

"రాజన్నకు ఎర్కనా?"

"ఎర్కనే."

"సుజాతకు?"

"ఎర్కనే."

"గా ఖాజా గానికి?"

తల ఊపాను.

"ఆటోకు గూడ ఎర్కనే ఉంటది. నాకే ఎర్క లేదు." గడప దాటి వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది. నొప్పి లేని కాలు మీద చెయ్యి వేసింది. "మొక్కితిని గదరా. వాకిట్ల నిలవడి మందికి చెప్తిని. నవ్వుకుంట సూస్తివి గదరా నన్ను."

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో ఒక్కతే కూర్చొని అన్నం తిన్నది. కలుపుకుంటున్న చప్పుడు నాకు వినబడింది. ఒక బరువు దించి ఇంకో పెద్ద బరువు నెత్తిన పెట్టానని ఆ చప్పుడు వింటూ అనుకున్నాను.

సోమవారం ఆటోలో అవ్వ కూడా ఎక్కింది. గీతలు మళ్లీ గీసి ఆ రోజే పెడతామన్నారు. గీసిన చోట చొక్కా తగిలినా ఖాజాను కసిరింది. బెంచీ మీద పక్కన కూర్చున్నావిడ, "మీ కొడుక్కెన్ని అవ్వా?" అని అడిగింది. నేను తల దించుకున్నాను.

"ఒక్కటే," అంది అవ్వ. "నొప్పికి."

అంతే. ఆ ఆడమనిషి తన సంచిలోంచి బత్తాయి తీసి ఒలిచి సగం అవ్వ చేతిలో పెట్టింది.

లోపల చల్లగా ఉంది. అందరూ బయటికి పోయి తలుపు మూశారు. మిషన్ నా చుట్టూ తిరిగి గుయ్యిమంది. షాక్ కొడుతుందేమో అని కాళ్లు బిగబట్టాను. ఏమీ తెలియలేదు. ఒక బీడీ తాగేంత సేపట్లో అయిపోయింది. దీనికోసమా ఇంట్లో ఇంత యుద్ధం జరిగింది అనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్లు నొప్పి తగ్గకపోగా ఎక్కువైంది. మేడం ముందే చెప్పింది అట్లా కావచ్చని, గోలీలు కూడా రాసింది. చెప్పినా భయమే. అన్న వచ్చి తలుపు దగ్గర నిలబడి, "హైదరాబాద్" అని మొదలుపెట్టేవాడు. అవ్వే ఆపేది. "వాన్ని ఇంట్ల ఉండనియ్యి రాజన్నా. మా తమ్ముడు నెల దినాలు పరాయి గోడలు సూసుకుంట పోయిండు." అన్న ఒకరోజు అవ్వ పక్కన కూర్చొని ఏడ్చాడు. పసుపు గురించి తాను అన్న మాటకు ఏడ్చాడో, నా గురించి ఏడ్చాడో నేను అడగలేదు. ఆ తర్వాత మా ఇంట్లో హైదరాబాద్ మాట రాలేదు.

ఫిబ్రవరి సగం దాటాక నొప్పి మెల్లగా దిగింది. ఒక పూట కూర్చున్నాను. ఇంకొన్నాళ్లకు కర్ర పట్టుకొని కాలువ గట్టు దాకా పోయాను. అందరికీ ఇట్లాగే తగ్గుతుందని చెప్పను. మా పక్క బెంచీ ముసలాయనకు అంత తగ్గలేదని విన్నాను. నేను చెప్పేది చిన్న సంగతి. ఎన్ని కరెంట్లు అని కాదు, దేనికోసం అని అడగండి. అడిగి తెలుసుకున్నది ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా మీకు చెయ్యి వేసి సేవ చేసేవాళ్లకు. గీతల మీద ఏమీ పుయ్యకండి. వేల్పూర్ పసుపైనా సరే.

ఇప్పుడు మార్చి. నేను వెల్లకిలా పడుకోగలుగుతున్నాను. ఎన్ని నెలల తర్వాతో మొన్న మధ్యాహ్నం అట్లా కాళ్లు చాపుకొని నిద్రపోయాను. గోలీ నిద్ర కాదు, అసలు నిద్ర. ముక్కు కింద ఏదో తగిలినట్టై కళ్లు తెరిచాను. అవ్వ. వంగి, నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. రొట్టెల పిండి ఇంకా వేలికి అంటుకొని ఉంది.

ఇదివరకు నేను నిద్రపోతే ఆమె సంతోషించేది. బిడ్డకు కన్నంటుకుందని ఇల్లంతా చప్పుడు కాకుండా చూసేది. తెలిసిపోయాక నా నిద్రంటే ఆమెకు భయం.

"ఉన్నవా?" అంది.

"ఉన్ననే."

చెయ్యి తీసుకొని, పిండి దులుపుకుంటూ వంటింట్లోకి పోయింది.

అప్పటినుంచి ఆమె వంట చేసే వేళకు నేను పడుకుంటే, నిద్ర పట్టకపోయినా సరే, కళ్లు మూసుకొని వంటింట్లోకి వినబడేటట్టు గట్టిగా గురక పెడుతున్నాను.